పై అంతస్తులోనే కూర్చుందాం

చిరంజీవి చిన్నబాబుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొదటి జీతంతో మమ్మల్ని శాన్ ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ జట్టు బేస్‌బాల్ ఆటకు తీసుకువెళ్తానని, అదీ ఖరీదైన క్లబ్ లెవెల్‌లో టికెట్లు కొంటానని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి మీ నాన్నగారు ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆ మాటే చెబుతున్నారు. నాకూ చాలా సంతోషంగా ఉంది. అయితే ఆ రోజు నీ ఉత్సాహం చూసి నోటివరకూ వచ్చి ఆగిపోయిన మాట ఒకటి ఉంది, దాన్ని ఇలా కాగితం మీద పెడుతున్నాను. టికెట్లు నువ్వే కొను, కాని అవి పై అంతస్తులో, బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనకవైపు ఉండేలా చూడు. నీ డబ్బు మిగల్చాలని అంటున్న మాట కాదిది.

క్లబ్ లెవెల్‌లో నేను ఒకే ఒక్కసారి కూర్చున్నాను, మీ నాన్నగారి ఆఫీసువారు పిలిచినప్పుడు. వెనకాల వెచ్చని హాలు, ఎటు తిరిగినా టీవీలు, కావలసినంత తిండి. సౌకర్యానికి వంక పెట్టలేను. కాని మాతో వచ్చినవారిలో సగంమంది ఎదురుగా మైదానం ఉండగా ఆటను హాల్లోని టీవీలోనే చూశారు. మర్యాద కోసం వారితో మాటల్లో పడి నేనూ రెండు ఇన్నింగ్స్ పోగొట్టుకున్నాను. ఇప్పుడైతే ఆట ఇంకా త్వరగా నడుస్తోంది. 2023లో బంతి వేసే పిచ్చర్‌కు గడియారం పెట్టాక, పరుగు తీసేవారు ఆగే బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో బంతి వేయాల్సిందే. అంతకు ముందు మూడు గంటలు దాటే ఆట ఇంచుమించు రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. తిండి కోసం వరుసలో నిలబడి తిరిగివచ్చేలోగా ఏమేమి జరిగిపోతుందో చెప్పలేం. అందుకే నేను పులిహోర డబ్బా చేతిసంచిలో పెట్టుకుని వెళ్తాను, కూర్చున్నచోటి నుంచి కదలను.

పైనుంచి ఆ మైదానం అరచేతిలో పెట్టి చూపినట్టు ఉంటుంది. దాని వెనక నీళ్ళు, పడవలు, బే బ్రిడ్జి. కుడివైపు గోడ ఎత్తు 24 అడుగులు. జెయింట్స్ పాతతరం మేటి ఆటగాడు విల్లీ మేస్ చొక్కా మీది అంకె 24 కనుక ఆయన గౌరవార్థం అంత ఎత్తున కట్టారు. ఆయన విగ్రహం ఉన్న ద్వారం ముందు తాటిజాతి చెట్లు కూడా 24 ఉన్నాయి. 2024 జూన్‌లో ఆయన పోయినప్పుడు మేమిద్దరం వెళ్ళి ఆ విగ్రహం దగ్గర పూలు పెట్టి వచ్చాం. గోడ అవతల చిన్న చిన్న పడవల్లో జనం బంతి ఎప్పుడు నీళ్ళలో పడుతుందా అని ఎదురుచూస్తూ ఉంటారు. జెయింట్స్ ఆటగాడు నేరుగా నీళ్ళలోకి కొడితేనే అలా పడిన బంతులకు గోడ మీద చూపే లెక్క ఒకటి పెరుగుతుందని, అవతలి జట్టువాడు కొడితే పెరగదని తెలిసిన రోజున అది అన్యాయమని నువ్వు రైల్లో సన్నీవేల్ వచ్చేదాకా వాదించావు. ఆ గోడ కింది కమానుల దగ్గర, నీటి ఒడ్డు దారిలో నిలబడి, టికెట్ లేనివారు కూడా జాలీ గుండా కాసేపు ఆట చూడవచ్చు. అంత ఖర్చుపెట్టి కట్టిన స్టేడియంలో నా మనసుకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. తెనాలిలో మీ తాతయ్య ఆకాశవాణిలో క్రికెట్ వ్యాఖ్యానం వింటూ, పాత జమాఖర్చుల పుస్తకం వెనక పేజీల్లో ప్రతి బంతికీ చుక్కో అంకో వేసుకునేవారు. గళ్ళు గీసి ఇవ్వడం నా పని. అందువల్లనే, మేము ఈ దేశం వచ్చిన కొత్తలో మొదటిసారి ఆటకు వెళ్ళినప్పుడు, పక్క కుర్చీలో ఒక పెద్దావిడ పెన్సిలుతో గళ్ళ కాగితం నింపుతూ ఉంటే నాకు పుట్టింట్లో కూర్చున్నట్టే అనిపించింది. ఆవిడే నాకు నేర్పింది. మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె: పిచ్చర్ 1, అతని బంతి పట్టే క్యాచర్ 2, అలా కుడి చివరివాడు 9. రెండో, మూడో బేసుల నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ బంతిని ఆపి రెండో బేస్‌కు అందిస్తే, అక్కడివాడు మొదటి బేస్‌కు విసిరితే, 6-4-3 అని వేస్తాం. బంతి ఎవరి చేతిలో నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ఆ మూడు అంకెల్లో ఉంటుంది. తొమ్మిదిమందీ ఒకేసారి కంటికి ఆనితే తప్ప ఈ రాత కుదరదు, అది పై అంతస్తులోనే కుదురుతుంది.

2012 జూన్ 13, బుధవారం రాత్రి నీకు గుర్తుందో లేదో. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. జెయింట్స్ పిచ్చర్ మ్యాట్ కెయిన్ హ్యూస్టన్ జట్టుకు బంతులు వేస్తున్నాడు. జెయింట్స్ చాలా ముందంజలో ఉన్నారు కనుక గెలుపు గురించి ఎవరికీ బెంగ లేదు. కాని నా కాగితంలో హ్యూస్టన్ వైపు ఒక్కరు కూడా మొదటి బేస్ చేరలేదు. ఆరో ఇన్నింగ్స్ దాటాక చుట్టుపక్కలవారు ఆ ఊసే ఎత్తడం మానేశారు. అవతలి జట్టులో ఒక్కరు కూడా బేస్ చేరకుండా ముగిసే ఆటను పర్ఫెక్ట్ గేమ్ అంటారు; ఆ మాట మధ్యలో పైకి అనకూడదట. పసిబిడ్డను ముద్దుగా ఉన్నాడని పైకి అంటే దిష్టి తగులుతుందని పెరిగినదాన్ని, నాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది; నువ్వు ఏదో అడగబోతే నీ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఏడో ఇన్నింగ్స్‌లో జోర్డన్ షేఫర్ కొట్టిన బంతి కుడి, మధ్య మైదానాల నడుమ ఖాళీలోకి దూసుకుపోయింది. ఆ బంతీ, దానికోసం పరుగెడుతున్న కుడి చివరివాడు గ్రెగర్ బ్లాంకో, బంతికీ అతనికీ మధ్య తరిగిపోతున్న దూరం, అన్నీ మనకు పైనుంచి ఒక్క చూపులో కనిపించాయి. గోడ ముందరి మట్టి మీదికి ఒళ్ళంతా చాచి దూకి పట్టాడు. ఆ క్షణంలో నువ్వు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నావు. నేను వేస్తున్న 9 అంకె తోక గడి దాటి కిందికి జారిపోయింది. చివరి అవుట్ 5-3. మూడో బేస్ దగ్గరి అరియాస్ వెనక్కి తూలుతూ మొదటి బేస్‌కు విసిరాడు. 27 మంది వచ్చారు, 27 మందీ అవుటయ్యారు. జెయింట్స్ జట్టు న్యూయార్క్‌లో ఉన్న కాలం నుంచి లెక్క చూసినా అదే వారి మొదటి పర్ఫెక్ట్ గేమ్. ఆ కాగితం తాతయ్య పుస్తకంలో మడతపెట్టి దాచాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

వేసవే కదా అని ఊరికే రాకు, పైన సాయంత్రం గాలి ఎముకలు కొరుకుతుంది. నీ స్వెట్టరు ఇక్కడే ఉంది, ఉతికి పెట్టాను. ఇప్పుడు కరెంటు రైళ్ళు వచ్చాయి, కనుక కారు వద్దు. ఆట మొదలుకావడానికి గంట ముందే లోపల ఉందాం. గళ్ళు నేను గీసి తెస్తాను, అవతలి జట్టు వైపు ఈసారి నువ్వు రాయాలి.

ఆశీస్సులతో,
అమ్మ