మొదటి టెస్టుతో ఆగిపోకు తల్లీ

బంగారు తల్లీ,

ఆఫీసులో నీ పక్క సీటు అబ్బాయికి టీబీ అని తేలిందని చెప్పి, "నాకేం దగ్గు లేదు కదమ్మా, టెస్టెందుకు" అని మాట మార్చేశావు చూడు, అప్పట్నుంచీ నా మనసు అక్కడే ఉంది. ఫోన్లో చెప్తే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. మొత్తం చదువు.

అతని కప్పు ముట్టుకున్నందుకో, చెయ్యి కలిపినందుకో టీబీ రాదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినా, మాట్లాడినా క్రిములు గాలిలో కలుస్తాయి, గాలి ఆడని గదిలో గంటల తరబడి అలాగే తేలుతుంటాయి. నువ్వేమో కిటికీలు తెరవని ఏసీ గదిలో రోజంతా అతని పక్కనే కూర్చున్నావు. ఒకసారి పలకరించి వెళ్లిపోయిన వాళ్లకంటే నీకు సోకే అవకాశం ఎక్కువే, అందులో దాచడానికేం లేదు.

దగ్గు లేకపోతే ఏమీ లేనట్టు కాదమ్మా. క్రిమి ఒంట్లో చేరినా చాలామందిలో అణిగిపోయి ఉంటుంది. జ్వరం రాదు, ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, వాళ్ల నుంచి ఇంకొకరికి అంటదు కూడా. ప్రపంచంలో దాదాపు నాలుగో వంతు మందికి ఇలా సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మందు వాడకపోతే వాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది, అదీ ఎక్కువగా సోకిన మొదటి రెండేళ్లలోనే. అందుకే ఇప్పుడే చూపించుకోమంటున్నా.

ఇప్పుడు చేయించుకుని నెగటివ్ వస్తే అమ్మయ్య అనేసుకుంటావేమో, నా భయమంతా అక్కడే. సోకాక టెస్టులో తెలియడానికి 2 నుంచి 8 వారాలు పడుతుంది. కాబట్టి అతనితో కలిసి కూర్చున్న చివరి రోజు నుంచి 8-10 వారాలు గడిచాక ఇంకోసారి చేయించుకోవాలి. అప్పటికి ఆఫీసులో అందరూ ఈ సంగతి మర్చిపోయి ఉంటారు, నువ్వు మాత్రం మర్చిపోకు.

ఏ టెస్టు అంటావా, నీకు చిన్నప్పుడు బీసీజీ, అదే టీబీ టీకా, వేయించాం. దానివల్ల మాంటూ టెస్టులో, అంటే చేతి చర్మంలోకి సూదితో మందు ఎక్కించి చూసే పరీక్షలో, ఏమీ లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. ఇగ్రా అనే రక్త పరీక్షకు ఆ ఇబ్బంది లేదు, దొరికితే అదే అడుగు. మాంటూయే చేస్తే 48 నుంచి 72 గంటల లోపు మళ్లీ వెళ్లి చెయ్యి చూపించాలి. ఎరుపు కాదు, గట్టిపడిన వాపును కొలుస్తారు. నీలా దగ్గరగా మెలిగినవాళ్లకి 5 మిల్లీమీటర్లున్నా చాలాచోట్ల పాజిటివ్ కిందే లెక్క.

పాజిటివ్ వచ్చినా టెన్షన్ పడకు, జబ్బు ఉందని దాని అర్థం కాదు. ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే తెమడ పరీక్ష చేస్తారు. జబ్బు లేదని తేలితే రాకుండా ఉండటానికి మాత్రలిస్తారు. వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునేవి ఉన్నాయి, రోజూ నాలుగు నెలలో ఆరు నెలలో వేసుకునేవీ ఉన్నాయి. వీటిలో కొన్ని కాలేయాన్ని ఇబ్బంది పెట్టొచ్చు, కొన్ని గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తాయి, కాబట్టి నువ్వు వాడే ప్రతి మందూ డాక్టరుకు చెప్పు, సిగ్గుపడకు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడొద్దు, ఆ మందుల్లో కొన్నిటికి అది మామూలే.

ఈలోగా రెండు వారాలు దాటి దగ్గున్నా, సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు చెమటలు వచ్చినా, బరువు తగ్గినా రెండో టెస్టు తేదీ దాకా ఆగకు, వెంటనే వెళ్లు.

ఇంకోటి, ఆ అబ్బాయికి ఒక మెసేజ్ పెట్టు. అతను కావాలని అంటించలేదు, మందులు సరిగ్గా వాడితే పూర్తిగా తగ్గిపోయే జబ్బు ఇది. తిరిగొచ్చాక సీటు దూరం జరుపుకోకండి, డాక్టర్లు పంపించారంటే ఇక అంటదనే కదా.

అతను ఆఫీసుకు చివరిగా ఏ రోజు వచ్చాడో కనుక్కో. అక్కడి నుంచి పది వారాలు లెక్కేసి ఫోన్లో అలారం పెట్టుకుని, ఆ తేదీ నాకూ పంపు. ఆ రోజు నేనూ ఫోన్ చేస్తా.

అమ్మ