ఫోన్ తెరిచినా మోడెమ్ తెరుచుకోదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఓపెన్ సోర్స్ ఫోన్ల గురించి, అంటే లోపలి ప్రోగ్రాంలను ఎవరైనా చదివి మార్చుకోగలిగే ఫోన్ల గురించి, మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. ఇలాంటి విషయానికి తెలుగులో అర పేజీ దొరకడమే గొప్ప, అందుకు సంతోషం. కానీ అందులో రెండు మాటలు చూసీ చూడనట్టు వదిలేసేవి కావు. ఒకటి, 'ఈ ఫోన్లలో నడిచే ప్రతి ప్రోగ్రామూ బహిరంగమే' అన్నది. అది తప్పు. రెండోది, పక్కన బాక్సులో మూడో మెట్టుగా ఇచ్చిన 'మోడెమ్ ఫర్మ్‌వేర్ మార్చే ముందు దాని మెమరీ మొత్తం చెరిపేయండి' అన్న సలహా. (మోడెమ్ అంటే ఫోన్‌ను నెట్‌వర్క్‌తో కలిపే భాగం, ఫర్మ్‌వేర్ అంటే దాని లోపల నడిచే ప్రోగ్రాం.) ఇది ఉత్త తప్పుతో పోయేది కాదు. నమ్మి పాటించినవాళ్ల మోడెమ్ మళ్లీ నెట్‌వర్క్ ఎక్కదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి.

ఫోన్ అంటే ఒక కంప్యూటర్ అనుకుంటాం. నిజానికి రెండు. 2020 జనవరి నుంచి జనం చేతుల్లోకి వచ్చిన, లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పైన్‌ఫోన్‌నే తీసుకోండి. తెర, యాప్‌లు, కెమెరా చూసుకునేది ఆల్‌విన్నర్ ఎ64 చిప్. నెట్‌వర్క్‌తో మాట్లాడేది అదే బోర్డు మీద అతికించిన క్వెక్టెల్ ఈజీ25-జీ అనే వేరే మాడ్యూల్. ఆ మాడ్యూల్ లోపల ఒక క్వాల్‌కామ్ చిప్, దానికి సొంత ర్యామ్, సొంత ఫ్లాష్ మెమరీ. ఆ చిప్‌లో మళ్లీ రెండు భాగాలు: లైనక్స్ నడిపే కార్టెక్స్ ఎ7 కోర్ ఒకటి, రేడియో పని చూసే హెక్సాగన్ డీఎస్‌పీ (సిగ్నల్ లెక్కలు చేసే ప్రాసెసర్) ఒకటి. అంటే జేబులో ఒక లైనక్స్, దాని కడుపులో ఇంకో లైనక్స్, ఆ పక్కనే బయటివాళ్లెవరూ చదవలేని మూడో ప్రోగ్రాం.

ఔత్సాహికులు తయారుచేసిన 'ఓపెన్ మోడెమ్ ఫర్మ్‌వేర్' మార్చేది ఆ కడుపులోని లైనక్స్‌ను మాత్రమే. ఏటీ ఆదేశాలకు (మోడెమ్‌కు ఫోన్ పంపే చిన్న అక్షరాల ఆదేశాలు) జవాబివ్వడం, కాల్ ఆడియోను దారి మళ్లించడం, నిద్రపోవడం, లేవడం లాంటివి దాని చేతిలో ఉంటాయి. టవర్‌తో జరిగే అసలు సంభాషణంతా హెక్సాగన్ మీద నడుస్తుంది. ఆ ప్రోగ్రాం ఇప్పటికీ తయారీదారు ఇచ్చిన మూసిన ఫైలే. కాబట్టి 'మోడెమ్ ఓపెన్ అయింది' అనడం ఇల్లు అలకగానే పండగ అనడం లాంటిది. అలాగని ఈ పని చిన్నదేమీ కాదు. కాల్ మధ్యలో మాట ఆగిపోయినా, నిద్రలోంచి లేవకపోయినా లాగ్ (ఏం జరిగిందో రాసిపెట్టే చిట్టా) తీసి చూసుకునే వీలు దీంతోనే వచ్చింది.

మీ వ్యాసం అసలు ప్రస్తావించని మంచి విషయం ఒకటుంది. మామూలు ఫోన్లలో చాలావరకు మోడెమ్, ప్రధాన ప్రాసెసర్ ఒకే చిప్‌లో ఉండి ర్యామ్‌ను పంచుకుంటాయి. వాటి మధ్య గోడ ఉంటుంది కానీ ఆ గోడ కట్టింది ఎవరో, ఎలా కట్టారో మనకు కనపడదు. పైన్‌ఫోన్‌లో మోడెమ్ యూఎస్‌బీ ద్వారా వేలాడే పరికరం. మాటల కోసం మాత్రం విడిగా డిజిటల్ ఆడియో లైన్లు ఉంటాయి. యూఎస్‌బీ పరికరం తనంతట తానుగా ప్రధాన ర్యామ్‌లో చేయి పెట్టలేదు. వెనక మూత తీస్తే కనిపించే ఆరు బుల్లి స్విచ్‌లలో మొదటిది మోడెమ్‌దే, టూత్‌పిక్ మొనతో కదపొచ్చు. ఆరోది హెడ్‌ఫోన్ జాక్‌ది. దాన్ని ఆఫ్ చేస్తే ఆ జాక్‌లోంచే సీరియల్ కన్సోల్, అంటే ఫోన్ బూట్ సందేశాలను ఇంకో కంప్యూటర్‌లో చూసే లైను, వస్తుంది, వేగం సెకనుకు 115200 బిట్లు. ఫోన్ బూట్ కాక తెర నల్లగా ఉన్నప్పుడు ఇదొక్కటే దిక్కు. లిబ్రెం 5 అనే ఇంకో లైనక్స్ ఫోన్‌లోనైతే మోడెమ్ ఎం.2 (స్లాట్‌లో గుచ్చే రకం) కార్డుగా ఊడి చేతికే వస్తుంది. రేడియో ప్రోగ్రాం మూసే ఉన్నా, దాన్ని కట్టడి చేసే తాళం వాడేవాళ్ల చేతిలో ఉండటమే ఈ ఫోన్లలోని అసలు గొప్ప.

ఇక చేతులతో చేసే పని. మోడెమ్ మాడ్యూల్‌తో సొంతంగా ఫోన్ కట్టుకునేవాళ్లకు ముందుగా ఎదురయ్యేది ఫర్మ్‌వేర్ తంటా కాదు, కరెంటు తంటా. ఈజీ25-జీకి 3.3 నుంచి 4.3 వోల్టుల మధ్య సరఫరా కావాలి. 2జీలో పంపేటప్పుడు అది క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక్కో లాగుడు 577 మైక్రోసెకన్లు, ప్రతి 4.615 మిల్లీసెకన్లకు ఒకసారి. పాత రోజుల్లో రేడియో పక్కన సెల్ పెడితే 'డుడుడు డుడుడు' అని వినపడేది కదా, అది ఈ 217 హెర్ట్జ్ చప్పుడే. ఇప్పుడు లెక్క వేయండి. బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర ఉంది, సన్నని తీగలూ కనెక్టరూ కలిసి 0.2 ఓమ్‌ల నిరోధం అనుకుందాం. 2 ఆంపియర్లు లాగితే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి, మోడెమ్ కాళ్ల దగ్గర మిగిలేది 3.3. ఇంకాస్త తగ్గినా రీసెట్ అయిపోతుంది. మల్టీమీటర్ పెడితే మాత్రం అది సగటు చూపించి అంతా బాగుందంటుంది. ఇక్కడ మల్టీమీటర్ మాట నమ్మకండి, ఆసిలోస్కోప్ పెట్టండి.

అది అందుబాటులో లేకపోతే లక్షణాన్ని బట్టి పోల్చవచ్చు. 4జీలో గంటల తరబడి డేటా బాగా నడిచి, సిగ్నల్ తగ్గి 2జీకి దిగగానే మోడెమ్ మాయమై పది పదిహేను సెకన్లకు మళ్లీ కనిపిస్తే, తప్పు ప్రోగ్రాంలో లేదు, తీగల్లో ఉంది. మాడ్యూల్ సరఫరా కాళ్లకు ఆనుకునేలా 100 మైక్రోఫారడ్‌ల తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) కెపాసిటర్ ఒకటి, దాని పక్కన 100 నానోఫారడ్, 33 పికోఫారడ్, 10 పికోఫారడ్ ఒక్కొక్కటి పెట్టండి. సరఫరా తీగలు లావుగా, పొట్టిగా ఉండాలి. 500 మిల్లీఆంపియర్ల యూఎస్‌బీ పోర్టు మీద ఆధారపడితే ఇదే జబ్బు. ఇంకో సంగతి, ఈ మాడ్యూల్ సీరియల్ లైన్లు 1.8 వోల్టులవి. 3.3 వోల్టుల బోర్డుకు నేరుగా కలిపితే ఆ పిన్నులు దెబ్బతింటాయి, మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ తప్పదు. యాంటెనా లేకుండా ప్రసారం చేయించకండి.

కరెంటు జబ్బు ప్రోగ్రాం జబ్బులా వేషం వేయడం కొత్త కాదు. ఓపెన్‌మోకో సంస్థ 2007లో నియో 1973 అనే ఓపెన్ సోర్స్ ఫోన్‌ను, 2008లో ఫ్రీరన్నర్‌ను తెచ్చింది. ఫ్రీరన్నర్‌లో మోడెమ్ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కలిప్సో. అది గాఢనిద్రలోకి వెళ్లినప్పుడల్లా నెట్‌వర్క్ జారవిడిచి మళ్లీ నమోదయ్యేది. బగ్ నంబర్ 1024గా ఆ సమూహంలో దానికి పెద్ద పేరు. గాఢనిద్రను ఆపేసే ఆదేశం ఇస్తే నెట్‌వర్క్ నిలిచేది, బ్యాటరీ మాత్రం కరిగిపోయేది. చివరికి మందు దొరికింది ఒక కెపాసిటర్ దగ్గర: 10 మైక్రోఫారడ్‌లది పీకి 22 మైక్రోఫారడ్‌లది అతికిస్తే సరిపోయింది. మోడెమ్ ప్రోగ్రాం మూసి ఉండబట్టి అనుమానమంతా దాని మీదకే పోయింది.

మోడెమ్ ఆపే పద్ధతి కూడా తెలిసుండాలి. దాని లోపల లైనక్స్ ఉందన్నాం కదా, ఏ లైనక్స్‌కైనా ప్లగ్గు పీకితే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. ఫ్లాష్ మెమరీలో రాత సగంలో ఆగి ఫైల్ సిస్టమ్ చెడుతుంది. 'ఏటీ+క్యూపీఓడబ్ల్యూడీ' ఆదేశం ఇచ్చి, పూర్తిగా ఆరిపోయేదాకా దాదాపు 30 సెకన్లు ఆగాలి. ఆ తర్వాతే బుల్లి స్విచ్ కదపాలి, లేదా బ్యాటరీ తీయాలి. ఫోన్‌ను మామూలుగా ఆఫ్ చేస్తే ఈజీ25-మేనేజర్ అనే ప్రోగ్రాం ఈ పని తనే చేస్తుంది. ఫోన్ ఆరడానికి ఎందుకింతసేపు అని విసుక్కుని బ్యాటరీ లాగేస్తేనే చిక్కు.

ఇప్పుడు మీ బాక్సు దగ్గరికి వద్దాం. ఈ మోడెమ్ ఫ్లాష్ చాలా విభాగాలుగా ఉంటుంది. మోడెమ్ లైనక్స్‌లోకి ఏడీబీతో (యూఎస్‌బీ ద్వారా పరికరంలోకి వెళ్లే సాధనం) వెళ్లి '/ప్రాక్/ఎంటీడీ' ఫైలు చూస్తే వాటి పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. వాటిలో 'ఈఎఫ్ఎస్2' అన్న విభాగంలో ఆ మోడెమ్ ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు ఒక్కటే ఉండే గుర్తింపు సంఖ్య), ఇంకా ముఖ్యంగా ఫ్యాక్టరీలో కొలిచి రాసిన రేడియో క్యాలిబ్రేషన్ ఉంటాయి. ఏ బ్యాండ్‌లో ఎంత బలంగా పంపితే యాంటెనా దగ్గర ఎంత వస్తుందన్నది ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కోలా ఉంటుంది. అది చెరిగితే కొలిచే పరికరాలు లేకుండా మళ్లీ రాయలేం. పక్కవాళ్ల మోడెమ్ నుంచి తెచ్చిపెట్టినా పనికిరాదు. పైగా ఐఎంఈఐ మార్చడం చాలా దేశాల్లో నేరం. అందుకే 'మొత్తం చెరిపేయండి' అన్న మాట వినడం కొరివితో తల గోక్కోవడమే.

సరైన పద్ధతి ఇది. ముందు పాత ఫర్మ్‌వేర్ వెర్షన్, ఐఎంఈఐ కాగితం మీద రాసుకోండి. విమానం మోడ్‌లో పెట్టి ఈఎఫ్ఎస్2ను రెండుసార్లు కాపీ తీసి, రెండింటి చెక్‌సమ్‌లు (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్యలు) పోల్చండి. తేడా వస్తే మధ్యలో మోడెమ్ ఏదో రాసిందన్నమాట, మళ్లీ తీయండి. కాపీని ఫోన్‌లో కాకుండా ఇంకోచోట దాచండి. బ్యాటరీ సగానికి పైన ఉండాలి. తర్వాత ఫోన్‌లో మోడెమ్‌ను నడిపే ప్రోగ్రాంలైన మోడెమ్‌మేనేజర్‌నూ ఈజీ25-మేనేజర్‌నూ ఆపండి. ఆపకపోతే మోడెమ్ స్పందించడం లేదనుకుని అవి పని మధ్యలో రీసెట్ చేస్తాయి. ఫోన్ నిద్రపోయే ఏర్పాటునూ ఆపండి. చాలామంది మరిచిపోయేది ఇదే. మోడెమ్‌కు రాస్తున్నది ఆ ఫోనే కదా, తెర ఆరి అది కునుకు తీస్తే రాత అక్కడికక్కడే ఆగుతుంది.

ఆ పైన రెండో నంబర్ సీరియల్ పోర్టుకు 'ఏటీ+క్యూఫాస్ట్‌బూట్' పంపితే మోడెమ్ ఫాస్ట్‌బూట్‌లోకి, అంటే కొత్త ఫర్మ్‌వేర్ రాయించుకునే స్థితిలోకి, వస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్‌తో వచ్చిన స్క్రిప్టు రాసే బూట్, సిస్టమ్ లాంటి లైనక్స్ విభాగాలే మారాలి, మిగతావాటి జోలికి పోకూడదు. స్క్రిప్టు నడిపే ముందు అందులో 'ఎరేజ్' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, దాని పక్కన ఏ విభాగం పేరుందో చదవండి.

మధ్యలో చెడినా వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' (కలిపి ఉన్న యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఆదేశం) కొట్టి నంబర్ చూడండి. 2సీ7సీ:0125 కనిపిస్తే మోడెమ్ మామూలుగానే ఉంది. 05సీ6:9008 కనిపిస్తే అది అత్యవసర స్థితిలో, అంటే ఈడీఎల్‌లో ఉంది. చిప్‌లో చెరపలేని బూట్ ప్రోగ్రాం బతికే ఉంది, మిగతాది చదవలేకపోయింది అని అర్థం. అదే చిప్‌కు సరిపోయే ఫైర్‌హోస్ లోడర్‌తో (ఈ స్థితిలో ఫ్లాష్‌కు రాసే సహాయక ప్రోగ్రాం) పాత ఫర్మ్‌వేర్‌ను మళ్లీ ఎక్కించవచ్చు. లోడర్ సరిపోకపోతే మొదటి దశ అయిన సహారాలోనే ఆగిపోతుంది, అప్పుడు కేబుల్ మార్చి ప్రయోజనం లేదు. ఏ నంబరూ రాకపోతే ముందు చూడాల్సింది ఆ మొదటి బుల్లి స్విచ్.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కాక ఒక్కోసారి డేటా వస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు, లేదా కాల్ చేయగానే 4జీ పోయి 3జీకి, 2జీకి దిగుతుంది. ఇది ఫర్మ్‌వేర్ చెడిందని కాదు, వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) అమరిక పోయిందని. ఏ ఆపరేటర్‌కు వోల్టీ ఎలా నడపాలో చెప్పే ఎంబీఎన్ ఫైళ్లు మోడెమ్‌లో ఉంటాయి. 'క్యూఎంబీఎన్‌సీఎఫ్‌జీ' ఆదేశంతో జాబితా చూసి, తమ ఆపరేటర్ పేరుంటే అది, లేకపోతే అందరికీ సరిపడే జెనెరిక్ 3జీపీపీ ఫైలు ఎంచుకుని, ఐఎంఎస్‌ను (వోల్టీకి ఆధారమైన నెట్‌వర్క్ సేవ) 1 చేసి మోడెమ్‌ను రీస్టార్ట్ చేయాలి. తర్వాత ఐఎంఎస్ స్థితి అడిగితే రెండు అంకెలు వస్తాయి. మొదటిది మనం పెట్టిన 1. రెండోది కూడా 1 అయితేనే నెట్‌వర్క్ ఒప్పుకున్నట్టు.

రేడియో ప్రోగ్రాం పూర్తిగా తెరిచి చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకు 2010లో మొదలైన ఆస్మోకామ్‌బీబీ అనే ఓపెన్ సోర్స్ మోడెమ్ ప్రోగ్రాం ఉంది, కానీ అది 2జీకే. మోటరోలా సీ118, సీ123 లాంటి కలిప్సో ఫోన్ల మీద నడుస్తుంది. సిగ్నల్‌ను నేరుగా చూసే మొదటి పొర ఫోన్‌లో, సందేశాలు చూసే పై రెండు పొరలు కంప్యూటర్‌లో నడుస్తాయి. 2.5 మిల్లీమీటర్ల జాక్‌కు 3.3 వోల్టుల సీరియల్ కేబుల్ కలపాలి, పాత కంప్యూటర్ల ఆర్ఎస్-232 కలిపితే ఫోన్ కాలిపోతుంది. కంప్యూటర్‌లో లోడర్‌ను సిద్ధంగా ఉంచి, ఫోన్ పవర్ బటన్‌ను ఇలా నొక్కి అలా వదలాలి. ఎక్కువసేపు నొక్కితే ఫోన్ తన సొంత ప్రోగ్రాంలోకి వెళ్లిపోతుంది. ఎక్కించింది ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీసి పెడితే ఫోన్ ఎప్పటిలా లేస్తుంది. సిగ్నల్ పంపే భాగాన్ని అందులో మొదటే ఆపి ఉంచారు. అనుమతి లేకుండా దాన్ని తెరవకూడదు, వినడానికే చాలినంత ఉంది.

మీ వ్యాసం చూసి ఎవరైనా ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. కనుక బాక్సులోని మూడో మెట్టును ఇలా సవరించి వీలైనంత త్వరగా వేయమని కోరుతున్నాం: 'మోడెమ్ మెమరీని చెరపకండి. ఈఎఫ్ఎస్2 కాపీ తీసుకుని, బూట్, సిస్టమ్ విభాగాలను మాత్రమే మార్చండి.'

ఇట్లు,
మోడెమ్ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు