మా పొట్టిగుర్రం ఫైలు కదపండి: జిల్లా పశుసంవర్ధక అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారాలు.

బీచ్‌లో సవారీలు తిప్పుతుండగా పోలీసులు స్వాధీనం చేసుకున్న పొట్టిగుర్రం కేసు తేలేదాకా మా సంరక్షణ కేంద్రంలో ఉంటోంది. దాని ఖర్చుల నివేదిక కోసం మీ కార్యాలయానికి ఇచ్చిన వినతులకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను.

వచ్చిన రోజు దాని నోటి మూలలు పుండ్లు పడి ఉన్నాయి. ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నాటి నిబంధనలే చెబుతున్నాయి, వినేదెవరు? ముందు గిట్టలు పెరిగిపోయి పైకి వంగాయి. వాటిని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. ఇప్పుడు తడిపిన ఎండుగడ్డి తిని, గాడిదతో మెడ గోకించుకుంటుంది. నోటి దగ్గరకు చెయ్యి వస్తే మాత్రం ఇంకా తల ఎగరేస్తుంది. గుర్రాలు వాంతి చేసుకోలేవు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికే. అలాంటి రాత్రులు మా కాపరి తెల్లవార్లూ మేలుకుంటాడు. అతనికే మేం జీతం బాకీ పడ్డాం.

కేసుల్లో పట్టుబడిన జంతువుల సంరక్షణకు 2017లో నిబంధనలు వచ్చాయి. స్థానిక పశువైద్యాధికారి ఇచ్చే వివరాలను బట్టి రోజువారీ ఖర్చును రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు ఖరారు చేయాలి. ఆ ఖర్చుకు పూచీగా గుర్రం యజమాని బాండు రాయాలి. మేం దానధర్మం అడగడం లేదండీ.

దయచేసి పశువైద్యుణ్ణి పంపి గుర్రాన్ని పరీక్ష చేయించండి. నివేదికను ఈ నెలాఖరులోగా బోర్డుకు పంపి, ఒక ప్రతి మాకు ఇప్పించండి.

ఇట్లు,
సంరక్షణ కేంద్రం నిర్వాహకురాలు