బిడ్డ పేగులకు అమ్మ వేసే తోడు

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల ముందు ఫ్లెక్సీలు కడతారు, పత్రికల్లో ఫొటోలు పడతాయి, అమ్మ పాలు అమృతమని రాస్తారు. నిజమే. కానీ ఆ పాలు బిడ్డతో పాటు బిడ్డ కడుపులో ఇంకెవరికి తిండి పెడుతున్నాయో ఏ ఫ్లెక్సీ మీదా కనపడదు. ఉద్యోగమంతా పురిటి వార్డుల్లోనే గడిపిన నర్సుగా ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తల్లిపాలలో ఒక రకం చక్కెరలు ఉంటాయి. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అయినా పాలలోని ఘనపదార్థాల్లో లాక్టోజు, కొవ్వు తర్వాత మూడో స్థానం వీటిదే. బాలింత ఒంట్లోంచి ఇంత శక్తి ఖర్చుపెట్టి, బిడ్డకు అరగని పదార్థం ఎందుకు తయారవుతున్నట్టు? బిడ్డ పేగుల్లో పెరగాల్సిన బిఫిడో అనే బాక్టీరియా కోసం. అవి ఆ చక్కెరలు తిని ఆమ్లాలు వదులుతాయి, దాంతో పేగుల్లో పులుపు పెరుగుతుంది. ఆ పులుపులో విరేచనాలు తెచ్చే చెడ్డ క్రిములు నిలవలేవు. తల్లిపాలే తాగే పసిపిల్లల మలం కాస్త పుల్లటి వాసనతో ఉండేది ఇందుకే. "పుల్ల వాసనొస్తోంది సిస్టరమ్మా, బిడ్డకు అజీర్తి చేసిందేమో" అని అమ్మమ్మలు కంగారుగా వచ్చేవారు. "అజీర్తి కాదమ్మా, పిల్ల కడుపు చక్కగా ఉందని గుర్తు" అని చెప్పి పంపేదాన్ని.

పుట్టేనాటికి బిడ్డ పేగులు దాదాపు ఖాళీ. కాగిన పాలకు తోడు వేసినట్టు, కాన్పు సమయంలో తల్లి దగ్గర నుంచి మొదటి బాక్టీరియా బిడ్డకు చేరుతుంది. ఆ తర్వాత తల్లి ఒంటి స్పర్శ, చనుబాలు దాన్ని పెంచుతాయి. 2019లో బ్రిటన్ శాస్త్రవేత్తలు దాదాపు 600 మంది పసికందుల మలాన్ని పరీక్షించారు. ఆపరేషన్‌తో పుట్టినవారిలో తల్లి నుంచి రావాల్సిన కొన్ని రకాలు తక్కువగానూ, ఆసుపత్రి వాతావరణంలో తిరిగే క్రిములు ఎక్కువగానూ కనిపించాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. తల్లీబిడ్డల ప్రాణం నిలబెట్టడానికి చేసే ఆపరేషన్‌ను నేను ఎన్నడూ తప్పుపట్టను, అలా నిలబడ్డ ప్రాణాలను కళ్లారా చూశాను. నా బాధంతా ఆపరేషన్ తర్వాత జరిగేదాని మీద. తోడు పలచనైన బిడ్డకే అమ్మ పాలు ముందుగా అందాలి. జరిగేది మాత్రం తలకిందులు. "అమ్మాయి మత్తులో ఉంది, పాలు పడలేదు" అంటూ మొదటి గుక్కగా డబ్బా పాలు పట్టేస్తారు. వెన్నులో మత్తుసూది ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఒక నర్సు పక్కన నిలబడి బిడ్డను రొమ్ముకు పట్టిస్తే, పడుకునే పాలివ్వగలదు. పుట్టిన గంటలోపు పాలు పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సిజేరియన్ బిడ్డలకూ వర్తిస్తుంది. ఆ మొదటి ముర్రుపాలు రెండు మూడు చెంచాలు కూడా ఉండకపోవచ్చు. పుట్టినరోజు బిడ్డ పొట్టకు అంతే చాలు.

తేనె గురించి గట్టిగా చెప్పాలి. మా పాత గుంటూరులో ఇప్పటికీ పసికందు నాలుక మీద తేనె రాస్తారు. తేనెలో బొట్యులిజం అనే జబ్బు కలిగించే బాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. అదే తేనె మనం తింటే మన పేగుల్లో స్థిరపడిన బాక్టీరియా ఆ బీజాలను మొలకెత్తనివ్వదు. పసిపిల్లల కడుపులో ఆ కాపలా ఇంకా తయారుకాదు. బీజాలు మొలిచి విషం పుడితే కండరాలు చచ్చుబడి బిడ్డ ఊపిరికే ప్రమాదం. ఏడాది నిండేదాకా తేనె వద్దు, అది ఎంత స్వచ్ఛమైనదైనా సరే.

రోగనిరోధక శక్తి పుట్టుకతోనే పూర్తిగా వచ్చేయదు. మన రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా పేగుల గోడల్లోనే ఉంటుంది. ఏ క్రిమిని వదిలేయాలో, దేనితో పోరాడాలో అవి అక్కడి బాక్టీరియాను చూసే నేర్చుకుంటాయి. పసికందులకు మంచి బాక్టీరియా చేసే మేలు మన పొరుగునే రుజువైంది. ఒడిశా పల్లెల్లో తల్లిపాలు తాగుతున్న 4,556 మంది నవజాత శిశువులతో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కొందరికి వారం పాటు ఒక రకం లాక్టోబాసిల్లస్ బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి ఇచ్చారు. మిగతావారికి ఉత్త పొడి ఇచ్చారు. ఉత్త పొడి తీసుకున్నవారిలో 9 శాతం మందికి రెండు నెలల లోపు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకడమో, మరణమో సంభవించింది. బాక్టీరియా అందినవారిలో అది 5.4 శాతమే. అలాగని మెడికల్ షాపులో మంచి బాక్టీరియా పేరుతో దొరికే ప్రతి ప్రోబయాటిక్ పొట్లాన్నీ కొని పిల్లలకు కలిపి పట్టకండి. ఒడిశాలో వాడింది ఎంచి తీసుకున్న ఒకే ఒక్క రకం.

ఇక మెదడు. పేగులకూ మెదడుకూ మధ్య వేగస్ అనే పెద్ద నరం ఉంది, కబురు రెండువైపులా నడుస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే రసాయనంలో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. ఆ సెరటోనిన్ మెదడులోకి వెళ్లదు గానీ నరాలను మాత్రం తాకుతుంది. జపాన్‌లో సుడో అనే శాస్త్రవేత్త బృందం 2004లో అసలు బాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకలను పరిశీలించింది. కాస్త ఒత్తిడి పెడితే చాలు, వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల కంటే ఎక్కువగా పెరిగాయి. బిఫిడో బాక్టీరియా ఇస్తే ఆ జోరు తగ్గింది. చిన్న వయసులోనే సూక్ష్మజీవులు అందితే ఫలితం ఉంది, పెద్దయ్యాక ఇస్తే పూర్తిగా సరికాలేదు. ఎలుకలు మనుషులు కావు, ఒప్పుకుంటాను. కానీ మనుషుల్లోనూ పేగుల బాక్టీరియా కుదురుకునేది మొదటి మూడేళ్లలోనే, మెదడు అత్యంత వేగంగా ఎదిగేదీ అప్పుడే. ఆ వయసులో పిల్లల కడుపును మనం ఎంత నిర్లక్ష్యంగా చూస్తున్నామో తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

జలుబు చేసిందని యాంటీబయాటిక్ సిరప్, పళ్లొచ్చే కాలంలో రెండు విరేచనాలయ్యాయని యాంటీబయాటిక్ సిరప్. డాక్టరు చీటీ లేకుండానే, "పోయినసారి ఇచ్చిందే ఇవ్వండి" అంటే చాలు, మందుల షాపుల్లో ఇచ్చేస్తున్నారు. జలుబు చాలావరకు వైరస్‌తో వచ్చేది, దాని మీద ఈ మందు పనిచేయదు. పేగుల్లోని మంచి బాక్టీరియాను మాత్రం తుడిచిపెడుతుంది. మామూలు విరేచనాలకు పిల్లలకు కావాల్సింది ఓఆర్‌ఎస్ నీళ్లు, 14 రోజులు జింకు బిళ్ల, ఆపకుండా తల్లిపాలు. రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. అప్పుడు ఆయన రాసిన యాంటీబయాటిక్ తప్పకుండా వేయాలి, రాసినన్ని రోజులూ వేయాలి. ఆ మందు విలువ పసిపిల్లల వార్డులో చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మందు పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. ఆ గీత సంగతి చదువుకున్న తల్లుల్లోనూ చాలామందికి తెలియదు.

ఆరు నెలలు నిండాక పెట్టే తిండి గురించి ఒక్క మాట. బంగ్లాదేశ్‌లో పోషకాహారం చాలని పసిపిల్లలకు శనగపిండి, వేరుశనగ, సోయా, పచ్చి అరటికాయ కలిపిన ఆహారం పెట్టి చూశారు. పేగుల బాక్టీరియాను బాగుచేయాలనే ఆ పాళ్లు ఎంచారు. అంతకుముందు నుంచీ వాడుకలో ఉన్న పోషకాహారం కంటే అందులో కేలరీలు తక్కువ. అయినా ఆ పిల్లలే బాగా బరువు పెరిగారని 2021లో ప్రకటించారు. ఈ సరుకుల్లో మన కిరాణా కొట్లలో, రైతుబజార్లలో దొరకనిదేదీ లేదు. మన అంగన్‌వాడీల్లోనూ నిపుణుల చేత ఇలాంటిది పరీక్షించి చూడాలి.

డబ్బా పాల ప్రచారాన్నీ, ఉచిత శాంపిళ్లనూ, ఆసుపత్రి సిబ్బందికి కానుకలనూ నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది. గుంటూరు, విజయవాడ నర్సింగ్ హోముల్లో అది అమలవుతోందో లేదో అధికారులు వెళ్లి చూడాలి. దానితో పాటు ఖర్చులేని పని ఇంకొకటి కోరుతున్నాను. డిశ్చార్జి కాగితం మీద బిడ్డ పుట్టిన నిమిషం రాస్తారు, బరువు రాస్తారు. మొదటిసారి ఏ పాలు, ఎన్ని గంటలకు పట్టారో కూడా రాయాలి. ఆసుపత్రిలో ఉండగా బిడ్డకు యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే దాని పేరు, ఇచ్చిన కారణం తల్లికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. రెండు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులు ఈ మేరకు ఆదేశాలు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
పాత గుంటూరు