తమ్ముడి ట్రయల్ గురించి బావకి

బావా,

బాగున్నావా? ఇక్కడ మేమంతా కులాసా. కాలవలు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయని దాళ్వా రైతులంతా ఒకటే హడావిడి. ఊరి కబుర్లు ఇంకోసారి రాస్తాను, ముందు మీ తమ్ముడి సంగతి.

డాక్టరు గారు తాగుడు మాన్పించే మందు ట్రయల్లో, అంటే మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద చూసే పరీక్షలో, వాణ్ణి చేరమన్నారని, "నా కొడుకు మీద ప్రయోగాలు చేస్తారా" అని అత్తయ్య ఒకటే ఏడుపని రాశావు. నా మాట ముందే చెప్పేస్తున్నా. వాడంతట వాడు సరేనంటే చేరనివ్వు. నువ్వు బతిమాలో బెదిరించో మాత్రం చేర్పించకు.

ఎందుకంటున్నానంటే, "కూరలో కలిపేస్తే తెలీకుండా మానేసే బిళ్ళ ఉందటగా, ఇవ్వండి బాబూ" అంటూ నా మెడికల్ షాపుకి ఆడవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళ బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయినా ఇవ్వను. అది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. ఒక్కోసారి బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇవ్వాల్సిన మందు అది. మన లంకల్లో ఎంతమంది భార్యలు భయపడుతూనే దాన్ని పప్పులో కలుపుతున్నారో!

ట్రయల్లో అలా దాపరికం కుదరదు. ఏం మందో, దేనికోసమో, ఏ ఇబ్బంది రావచ్చో వాడికి తెలిసిన భాషలో కాగితం మీద ఉండాలి. చదువుకోవడానికి ఇంటికి తెచ్చుకోవచ్చు. సంతకం పెట్టాక కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు, దానివల్ల ఆ ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగకూడదు. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ట్రయల్ మందు వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారమూ ఇవ్వాలి. ఇంకోటి, 2009 నుంచి మన దేశంలో ఏ మందు ట్రయలైనా సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఆ నంబరు అడుగు. నంబరు చెప్పలేకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయమను.

మందుకి బదులు ఉత్తుత్తి బిళ్ళ ఇస్తారేమోనని అడిగావు. ఇవ్వచ్చు. ఎవరికి ఏది పడుతుందో చీటీ తీసినట్టే, చాలాసార్లు డాక్టరుకి కూడా తెలీదు. కానీ మంచి ట్రయల్లో మందు పడ్డవాళ్ళకీ, ఉత్తుత్తి బిళ్ళ పడ్డవాళ్ళకీ కౌన్సెలింగు, రక్తపరీక్షలు, కబురు పెట్టి కనుక్కోవడం ఉంటాయి. వీడి విషయంలో సగం మేలు అక్కడే ఉందని నా నమ్మకం. రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీద నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు కాచుకుంటూ ఒక్కడే కూర్చునేవాడిని "ఈ వారం ఎలా గడిచింది" అని అడిగే నాథుడేడీ?

అడిగే పద్ధతి కూడా నాకు నచ్చుతుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని, వెనక్కి వెళ్తూ ఒక్కో రోజూ ఎంత తాగాడో చెప్పిస్తారు. గుర్తు రాకపోతే పండగలు పట్టుకుని లాగుతారు. భోగి నాడు కోడిపందేల బరి దగ్గర ఎంత, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినప్పుడు ఎంత, ఆ మర్నాడు ఎంత అని. తిట్టరు, నీతులు చెప్పరు. మనవాళ్ళు "ఒక్క క్వార్టరే" అంటారు కదా, 180 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది బావా. ఆ లెక్క మొదటిసారి కాగితం మీద చూసుకున్నప్పుడు మనిషి కాసేపు మాట్లాడడు. అయితే నిజం చెప్పాలి. ట్రయల్ మధ్యలో మళ్ళీ తాగినా దాచకుండా చెప్పేయమను. దాస్తే వాడికీ నష్టం, రేపు ఆ మందు వాడబోయే వాళ్ళకీ నష్టం.

గోవాలో ఇలాంటి ట్రయలే ఒకటి జరిగింది, మందుతో కాదు, మాటలతో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్ళ మీద చేశారు. డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులే నాలుగు విడతల దాకా కూర్చోబెట్టి మాట్లాడారు. మూడు నెలలకి అలా కౌన్సెలింగు అందినవాళ్ళలో 36 శాతం మంది ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 26 శాతం. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ మగవాళ్ళు ఒప్పుకోబట్టే కదా, ఇది మన పీహెచ్‌సీలో కూడా చేయొచ్చని మనం ఈరోజు అడగగలుగుతున్నాం!

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ట్రయల్‌కి ముందు కొన్ని రోజులు మానాలన్నారని వాణ్ణి గదిలో పెట్టి గడియ వేసేయకండి. రోజూ గట్టిగా తాగేవాడు ఉన్నపళంగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనిపించి మనిషి అదుపు తప్పవచ్చు. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మాన్పించడం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. కాలేయం పరీక్షలూ ముందే అవుతాయి. అవి బాగోలేవని ట్రయల్‌కి వద్దన్నా కంగారుపడకండి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు ఇప్పటికే ఉన్నాయి, వాడికి సరిపడేది డాక్టరు గారు చూసి రాస్తారు. ఈలోగా అత్తయ్యకి ధైర్యం చాలకపోతే తాగుడు, మత్తు అలవాట్ల మీద సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయమను, డబ్బులు పడవు.

ఆ కాగితాలు ఇవ్వగానే ఫోటో తీసి నాకు పంపమను, సంతకం మాత్రం అప్పుడే వద్దు. ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేసి చెరువు దగ్గరికి వెళ్ళి వాడితో కూర్చుని చదువుతాను. నువ్వు ఫోన్లో ఉండు, అడగాల్సినవన్నీ వాడి నోటితోనే అడిగిద్దాం.

నీ
బావ