శీనూ, ఆ 7000 అంకె జోలికి పోకు

ఒరేయ్ శీనూ,

నత్తనడక నడుస్తున్న నీ ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్క్ తీసేసి పెట్టుకుందామని నువ్వు పంపిన మూడు ఎస్‌ఎస్‌డీల (చిప్పుల్లో డేటా దాచే డ్రైవుల) ఫోటోలూ చూశాను. ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో అయితే రెండోది, ఆ 1 టీబీ సాటా డ్రైవు (సాటా అంటే నీ పాత హార్డ్‌డిస్క్‌కి ఉన్న కనెక్షనే). కానీ నీ సంగతి నాకు తెలీదా? "ఎందుకురా" అంటూ అర్ధరాత్రి దాకా మెసేజీలు పెడతావు. అందుకే ఈ చేటభారతం. తీరిగ్గా చదువుకో.

ముందు నీ స్క్రీన్‌షాట్ సంగతి. కంప్యూటర్‌లో ఏది ఎంత కష్టపడుతోందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం అని ఉంది. దాని కిందే చదివే వేగం చూశావా? సెకనుకి 1.4 ఎంబీ! ఆ హార్డ్‌డిస్క్ కొత్తగా ఉన్నప్పుడు పెద్ద సినిమా ఫైలు ఒకటి కాపీ చేస్తే సెకనుకి వంద ఎంబీ దాకా లాగేది. మరి ఇప్పుడు నూటికి నూరు శాతం కష్టపడుతూ 1.4 ఎంబీ మాత్రమే ఎందుకు ఇస్తోంది? అది పాడైపోయిందని కాదు. దానికి పడుతున్న పని అలాంటిది.

నీ డిస్కు 5400 ఆర్‌పీఎం రకం. అంటే లోపలి పళ్ళెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంతకుముందు ముల్లు ఆ ట్రాక్ దగ్గరికి జరగాలి. రెండూ కలిపితే ఒక్కో ముక్కకి 15 నుంచి 20 మిల్లీసెకన్లు. లెక్క కట్టు, సెకనుకి 60, 70 ముక్కలకి మించి అందవు. విండోస్ లేచేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు జరిగేదంతా ఇలాంటి చిన్న చిన్న ముక్కలు ఏరుకోవడమే. ఒకే అరలో వరసగా ఉన్న వంద పుస్తకాలు తీయడం వేరు, వంద అరల్లో ఒక్కోటి చొప్పున ఉంటే తీయడం వేరు కదా, అదన్నమాట. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే ముల్లూ లేదు. ఏ ముక్కయినా మిల్లీసెకనులో పదో వంతులో, ఇంకా తక్కువలో వచ్చేస్తుంది. నీ ల్యాప్‌టాప్ ప్రాణం లేచొచ్చేది ఇక్కడే.

అదే స్క్రీన్‌షాట్‌లో మెమరీ కూడా చూశాను. 8 జీబీలో సగం పైచిలుకు వాడుతోంది, అంతే. అది 90 శాతం దాటి ఉంటే మాత్రం ముందు ర్యామ్ పెంచుకోమనేవాణ్ణి. ర్యామ్ చాలక సతమతమవుతున్న మెషీన్‌కి ఎస్‌ఎస్‌డీ వేస్తే కాస్త ఊపిరి అందుతుంది గానీ జబ్బు పోదు. నీకా బాధ లేదు.

ఇక నువ్వు మనసు పారేసుకున్న మొదటి ఫోటో. "సెకనుకి 7000 ఎంబీ" అని బాక్సు నిండా పెద్ద అక్షరాలతో అచ్చేశారు. అది ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవు, అంటే సాటాకన్నా వేగమైన రకం, ఎం.2 స్లాట్‌లో పెట్టుకునే చిన్న కార్డు. నీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే చూశాను. అందులో డ్రైవు పెట్టడానికి ఉన్నది 2.5 అంగుళాల సాటా బే (గూడు) ఒక్కటే. "ఎం.2 స్లాట్ కూడా ఉందిరా" అని నువ్వు సంబరపడింది వైఫై కార్డుది. అది 30 మిల్లీమీటర్ల పొట్టి స్లాట్, దాని గాడి కూడా వేరే చోట ఉంటుంది. అందులో ఎస్‌ఎస్‌డీ పట్టదు. బలవంతంగా నొక్కావంటే పిన్నులు విరుగుతాయి, ఉన్న వైఫై కూడా పోతుంది.

అయ్యో, ఎంత వేగం పోయిందో అని బెంగపడకు. ఆ 7000 అనేది పెద్ద ఫైలుని వరసగా, బోలెడు రిక్వెస్టులు ఒకేసారి పంపి చదివించినప్పుడు వచ్చే లెక్క. నీకు రోజూ పనికొచ్చేది 4 కేబీ ముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి చదివే వేగం. బాక్సు మీద అది వేయరు, ఎందుకంటే అది చూస్తే ఎవరికీ నోరూరదు. మంచి సాటా డ్రైవు ఆ పనిలో సెకనుకి 30, 40 ఎంబీ ఇస్తుంది, మంచి ఎన్‌వీఎమ్‌ఈ 60 నుంచి 80 దాకా ఇస్తుంది. సాటా పెద్ద ఫైళ్ళ వేగం 550 దగ్గర ఆగిపోతుంది కాబట్టి బాక్సులు చూస్తే పన్నెండు రెట్ల తేడా కనిపిస్తుంది. అసలు పనిలో తేడా రెండు రెట్లు. మరి నీ పాత డిస్కు ఇదే పనిలో అర ఎంబీ కూడా ఇవ్వదు. అక్కణ్ణించి 30కి దూకినప్పుడు నువ్వు కుర్చీలోంచి లేస్తావు. 30 నుంచి 60కి దూకితే, ప్రోగ్రామ్ తెరుచుకోవడంలో ఆ తేడా స్టాప్‌వాచ్‌కి తెలుస్తుంది గానీ నీకు తెలీదు. రోజూ వందల జీబీల వీడియో ఎడిట్ చేసేవాళ్ళకి ఆ 7000 పనికొస్తుంది, కాదనను. నువ్వు చేసేది ఎక్సెల్, బ్రౌజర్‌లో ముప్ఫై ట్యాబులు, ఆదివారం పూట ఫోటోలు.

మూడో ఫోటో చూడగానే నవ్వొచ్చింది. పేరెప్పుడూ విననిది, 2 టీబీ, మిగతా రెండింటికన్నా చవక! అలాంటివాటిలో కొన్ని అచ్చమైన మోసం. లోపల చిన్న మెమరీ చిప్పే ఉంటుంది, ఫర్మ్‌వేర్ (డ్రైవుని నడిపే లోపలి ప్రోగ్రామ్) మాత్రం కంప్యూటర్‌కి 2 టీబీ అని అబద్ధం చెబుతుంది. అసలు సైజు నిండేదాకా అంతా బ్రహ్మాండం. ఆ తర్వాత రాసినవి పాతవాటి మీద పడిపోతాయి, లేదా గాల్లో కలిసిపోతాయి. ఫైలు పేరు కనిపిస్తుంది, తెరిస్తే తెరుచుకోదు. ఎవరైనా నీకు అలాంటిది అంటగడితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డ్రైవు మొత్తం నింపి తిరిగి చదివించు, దొంగ బయటపడతాడు. అసలు కొనకపోవడమే సుఖం.

సరే, సాటా అనుకున్నాం. సాటాలోనూ అన్నీ ఒకటి కాదు, డబ్బు పెట్టాల్సిన తేడా ఇక్కడుంది. లోపలి మెమరీలో ఒక్కో సెల్‌లో (డేటా దాచే బుల్లి గదిలో) ఎన్ని బిట్లు కుక్కారన్నది చూడు. మూడు బిట్లయితే టీఎల్‌సీ, నాలుగైతే క్యూఎల్‌సీ. బిట్లు పెరిగేకొద్దీ సెల్‌లోని ఛార్జ్ స్థాయిలు దగ్గర దగ్గరగా వస్తాయి, రాయడం నెమ్మదిస్తుంది, అరుగుదల ఎక్కువవుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి కొంత భాగాన్ని ఒక్క బిట్ పద్ధతిలో వాడి క్యాష్‌గా, అంటే రాసేది ముందు వచ్చి పడే తాత్కాలిక చోటుగా పెడతారు. అది నిండేదాకా రాకెట్టే. నిండాక అసలు రంగు బయటపడుతుంది.

ఉదాహరణకి శాంసంగ్ వాళ్ళవే పక్కపక్కన పెట్టి చూడు. 870 ఈవో టీఎల్‌సీ, 870 క్యూవీవో క్యూఎల్‌సీ. 1 టీబీ క్యూవీవోకి క్యాష్ నిండాక రాసే వేగం సెకనుకి 80 ఎంబీ అని కంపెనీయే చెప్పుకుంది. అంటే ఆ సమయంలో నీ పాత హార్డ్‌డిస్క్‌తో సమానం, ఇంకా కాస్త తక్కువేనేమో. మన్నిక కూడా అంతే. 1 టీబీ ఈవోకి 600 టీబీ రాసేదాకా, లేదా ఐదేళ్ళు వారంటీ. క్యూవీవోకి 360 టీబీ, మూడేళ్ళు. ఆ 600 అంకె చూసి కూడా కంగారు పడకు. ఐదేళ్ళకి పంచితే రోజుకి 300 జీబీకి పైమాటే, నువ్వు రోజుకి 20 జీబీ రాస్తే గొప్ప. అరిగిపోతుందనే భయంతో కాదు నేను టీఎల్‌సీ అంటున్నది, క్యాష్ నిండిపోయినప్పుడు అది క్యూఎల్‌సీ అంత చతికిలబడదని.

ఇంకోటి, డీర్యామ్. ఏ ముక్క ఏ చిప్‌లో ఉందో చెప్పే పట్టిక ఒకటి ఎస్‌ఎస్‌డీకి ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. మంచి డ్రైవుల్లో దానికోసం విడిగా చిన్న మెమరీ చిప్ పెడతారు, అదే ఈ డీర్యామ్, 1 టీబీ డ్రైవుకి మామూలుగా 1 జీబీ. అది లేని ఎన్‌వీఎమ్‌ఈ అయితే కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం అరువు తెచ్చుకుని గడిపేస్తుంది. సాటాకి ఆ సౌకర్యం లేదు. అందుకే సాటా కొనేటప్పుడు డీర్యామ్ ఉందో లేదో చూడమంటాను. నువ్వు పంపిన రెండోదాంట్లో ఉంది, టీఎల్‌సీయే, ఐదేళ్ళ వారంటీ. ఇంకేం కావాలిరా?

సైజు 500 జీబీ చాలదా అని అడిగావు. ఇప్పుడు 380 జీబీ వాడుతున్నావు, 500 జీబీ డ్రైవు విండోస్‌లో 465గానే కనిపిస్తుంది (కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, మోసమేమీ లేదు). మొదటిరోజే ముప్పాతిక పైన నిండిపోతే ఇందాక చెప్పిన క్యాష్‌కి చోటు తగ్గిపోతుంది. 1 టీబీనే తీసుకో.

మీ చెల్లి ల్యాప్‌టాప్ గురించి కూడా అడిగావు కదా. దాంట్లో ఎం.2 స్లాట్ నిజంగానే ఉంది. కానీ ఎం.2 అన్నది ఆకారం మాత్రమే, లోపల నడిచేది సాటానో ఎన్‌వీఎమ్‌ఈనో చూస్తే తెలీదు. మామూలుగా ఎన్‌వీఎమ్‌ఈ కార్డుకి అంచున ఒకే గాడి, సాటా కార్డుకి రెండు గాళ్ళు ఉంటాయి. అయినా దాన్నే నమ్ముకోకు, రెండు గాళ్ళ సాటా కార్డు కూడా ఎన్‌వీఎమ్‌ఈ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, పనిచేయదు. మాన్యువల్‌లో ఏం రాశారో అదే వేదం. 2280 అని ఉంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. కొన్నింటిలో 2242 మాత్రమే పడుతుంది. ఆ స్లాట్ మూడో తరం పీసీఐఈ (ఎన్‌వీఎమ్‌ఈ డేటా నడిచే దారి) అయితే నాలుగో తరం డ్రైవు పనిచేస్తుంది గానీ సెకనుకి 3500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అన్నట్టు కార్డుని చివర పట్టి ఉంచే బుల్లి స్క్రూ ఒకటుంటుంది, అది లేకుండా వచ్చే ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. మూత తీసి స్క్రూ ఉందో లేదో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టమను.

మార్చడం పెద్ద పనేం కాదు. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. కొత్త డ్రైవు 7 మిల్లీమీటర్ల మందం, నీ పాతది 9.5 అయి ఉండొచ్చు. అప్పుడు వదులుగా కదలకుండా ప్లాస్టిక్ చట్రం ఒకటి పెట్టాలి, కొన్ని కంపెనీలు డ్రైవుతోపాటే ఇస్తాయి. పాత డిస్కుని ఉన్నదున్నట్టు క్లోన్ చేసుకోవచ్చు, ఒక యూఎస్‌బీ-సాటా కేబుల్, క్లోనెజిల్లా అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. నన్నడిగితే మాత్రం విండోస్ కొత్తగా ఎక్కించు. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తనంతా కొత్తింటికి మోసుకెళ్ళడం దేనికి? క్లోనే చేస్తానంటే ముందు బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడు, ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకో. అది లేకపోతే నీ ఫైళ్ళు నీకే అందవు.

పెట్టాక డీఫ్రాగ్ ప్రోగ్రాములేవీ (హార్డ్‌డిస్క్‌లో ఫైళ్ళ ముక్కల్ని వరసగా సర్దేవి) వేయకు. విండోస్‌లో "ఆప్టిమైజ్" అని ఉన్నది ఎస్‌ఎస్‌డీ అని గుర్తుపట్టి, ఖాళీ అయిన చోటేదో ట్రిమ్ ఆదేశంతో దానికి చెబుతుంది, విండోస్ 8 నుంచీ ఉంది ఆ ఏర్పాటు. దాని పని దాన్ని చేసుకోనీ.

పాత డిస్కు మాత్రం అప్పుడే చెరిపేయకు. నెల రోజులు పక్కన పెట్టు, ఏ ఫోల్డరో మర్చిపోయావని తర్వాత తెలుస్తుంది. హార్డ్‌డిస్క్ పోయేముందు తరచూ గరగరమని గోల చేస్తుంది, ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ సూచనా లేకుండా ఒక్క పూటలో మాయమవుతుంది. కాబట్టి ఆ పాతదాన్ని ఒక ఎన్‌క్లోజర్‌లో (యూఎస్‌బీతో తగిలించే డబ్బాలో) పెట్టి వారానికోసారి బ్యాకప్ తీసుకో. ఫోటోలకి, స్కాన్ చేసిన కాగితాలకి దాని నెమ్మది చాలు.

డ్రైవు వచ్చాక మూత తీసేముందు ఫోన్ చెయ్యి, వీడియోలో పక్కనే ఉంటా. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డ్ కింద పొడుచుకొస్తుంది. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఊడదీసిన స్క్రూ ఊడదీసినట్టు ఆ చోటే టేపుతో అంటించు.

ఉంటా,
నీ సుధాకర్