అడ్వాన్స్ ఇవ్వకు, ముందు ఇంజన్ విప్పించు బిడ్డా

వరంగల్

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. మిర్చి సీజన్ మొదలైంది, ఏనుమాముల మార్కెట్‌కు లోడ్లు వస్తున్నాయి, మన బొలేరో పికప్ బండేమో ఇంజన్ పాడై ఇంటి ముందు ఆగిపోయింది. నీ టెన్షన్ నాకు అర్థమైంది. అయినా ఆ స్క్రాప్ షాపతను రెండు రోజుల్లో ఎక్కిస్తానన్న పాత ఇంజన్‌కు మాత్రం అడ్వాన్స్ ఇవ్వకు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు కాబట్టి అన్నీ ఇక్కడ రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

నీలం పొగ వస్తోందని, ఆయిల్ తాగుతోందని, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదని చెప్పావు. నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టే. కానీ ఆ ఆయిల్ పిస్టన్ రింగుల దగ్గరి నుంచే రావాలని లేదు, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో సీలు పోయినా అదే పొగ వస్తుంది. టర్బో నుంచి వెళ్లే గొట్టం విప్పి లోపల ఆయిల్ మడుగు కట్టిందేమో చూడమను. తర్వాత నాలుగు సిలిండర్లకూ గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే లోపలి గాలి ఒత్తిడి చూడాలి. నాలుగూ తగ్గితే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగినట్టు. ఒక్కటే తగ్గి మిగతా మూడూ బాగుంటే అది వాల్వో, ఒక పిస్టనో అయి ఉంటుంది, దానికి ఇంజన్ మొత్తం మార్చే పని లేదు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు గుప్పుగుప్పున పొగ కొడుతోందన్నావు కదా, సిలిండర్‌లోని గాలి రింగులు దాటి కిందికి దిగితే అలా వస్తుంది, దాన్నే మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. అందుకే నాకూ బోరు మీదే అనుమానం.

బోరు ఎందుకు అరిగిందో కూడా తెలుసుకోవాలి. ఈ ముక్క మెకానిక్‌లు చెప్పరు. భూపాలపల్లి రోడ్ల మీద రోజంతా సింగరేణి బొగ్గు టిప్పర్ల వెనకే పోతారు మీరు. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టానికి చిన్న పగులున్నా, క్లిప్పు వదులైనా ఆ దుమ్మంతా నేరుగా సిలిండర్లోకి పోతుంది. రింగుల్నీ, బోరునూ అరగదీసేది అదే. ఆ గొట్టం మార్చకుండా బంగారం లాంటి ఇంజన్ ఎక్కించినా ఏడాదికి మళ్లీ ఇదే పొగ. రేడియేటర్ కూడా దించి కడిగించు. ఇంజన్ వేడెక్కుతోందని, నీళ్ల వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. మన బండికి అది ఉందో లేదో చూడమను, లేకపోతే కొత్తది వేయించు.

ఇక ఏ ఇంజన్ వేయాలన్న సంగతి. నన్నడిగితే మన ఇంజన్‌నే విప్పించి బాగు చేయించుకోవాలి. మనది 2012 మోడల్ బొలేరో పికప్, 2523 సీసీ, డీజిల్ పంపుతో నడిచే పాత రకం (పంపు) బండి. దాని మంచిచెడ్డలన్నీ మనకు తెలుసు. స్క్రాప్ ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, వేడెక్కి ఆగిపోయిందో, నీళ్లలో మునిగిందో అమ్మేవాడు చెప్పడు, చాలాసార్లు వాడికీ తెలియదు. నెలల తరబడి బయట పడి ఉంటే బోరులో తుప్పు పడుతుంది, అది పైకి కనబడదు.

కాగితాల సంగతి మరీ ముఖ్యం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్చాలంటే మనలాంటి వాళ్లు రవాణా ఆఫీసు (ఆర్టీఏ) అనుమతి తీసుకోవాలి, కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ప్రతి సంవత్సరం ఆ నంబరు చూస్తారు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేదీ దాన్నే. స్క్రాప్ ఇంజన్ దొంగ బండిదైతే పోలీసుల చుట్టూ తిరగాల్సింది నువ్వు, అమ్మినవాడు కాదు. మన బ్లాకునే బాగు చేయించుకుంటే నంబరు మారదు, ఈ రంది ఏదీ ఉండదు.

ఇంజన్ దించాక బ్లాకును, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్‌ను కొలిపించాలి. చేత్తో తడిమి బాగుందనే మాట నమ్మొద్దు. బోరు పైభాగంలో, రింగులు ఆగే చోట ఎక్కువ అరుగుతుంది. అక్కడా కిందా గేజ్ పెట్టి తేడా చూస్తేనే లైనర్లు (బోరు లోపలి గొట్టాలు) మార్చాలా, బోరు కొట్టించి కాస్త పెద్దవైన ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలా అన్నది తెలుస్తుంది. క్రాంక్ గ్రైండింగ్ చేయిస్తే ఎంత తీశారో రాయించుకుని అదే సైజు బేరింగులు తేవాలి. బ్లాకు మీద ఉండే హెడ్‌కు పగుళ్లున్నాయేమో నీళ్ల ప్రెషర్ పెట్టి చూడాలి, దాని అడుగు చదును చేయించే ఫేసింగ్, వాల్వ్ సీట్ల పని చేయించాలి. ఆయిల్ పంపు కొత్తది వేయించు. డీజిల్ పంపు, నాజిళ్లు డీజిల్ సరిగా చల్లేలా సరిచేసే క్యాలిబ్రేషన్‌కు పంపించు. పైసలు మిగలాలని చాలామంది ఈ చివరి రెండూ వదిలేస్తారు. నాజిల్ సరిగా చల్లకపోతే కొత్త పిస్టన్ నెత్తి కాలిపోతుంది.

బ్లాకు పగిలినా, క్రాంక్ విరిగినా అప్పుడు కంపెనీ హాఫ్ ఇంజన్, అంటే హెడ్ లేకుండా బ్లాకు, క్రాంక్, పిస్టన్లు కలిపి వచ్చేది అడుగుదాం. దానికి బిల్లు ఉంటుంది, ఆర్టీఏలో చూపించుకోవచ్చు. ఫుల్ ఇంజన్ కొత్తది మాత్రం వద్దు. 2027లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి, ఆ తర్వాత ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరుగుతుంది. ఇంత పాత ఛాసిస్ మీద అంత డబ్బు పెట్టడం దండగ.

ఏదీ కుదరక సెకండ్ హ్యాండే దిక్కైతే మన మోడల్ పంపు ఇంజనే వెతకండి. కంప్యూటర్‌తో డీజిల్ చల్లే కామన్ రైల్‌ది చవగ్గా వచ్చినా ముట్టొద్దు. దానికి ఈసీయూ (ఆ కంప్యూటర్), సెన్సార్లు, వైరింగ్ అన్నీ వేరు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి వినాలి, ఆయిల్ చాంబర్ విప్పించి ఇనుప రజను ఉందేమో చూడాలి. అది ఏ బండిదో ఆ ఆర్సీ కాపీ తీసుకోవాలి. నంబరు దగ్గర గీకినట్టో, మళ్లీ కొట్టినట్టో కనబడితే బేరం ఆడకుండా వచ్చేయండి.

కొత్తగా కట్టిన ఇంజన్‌తో మొదటి రోజే మిర్చి బస్తాలు నింపి పర్కాల మీదుగా పరిగెత్తించొద్దని అల్లుడికి చెప్పు. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడు చాలు. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. సీజన్‌లో ఇది కష్టమే, నాకు తెలుసు. ఈ రెండు వారాలు లోడ్లకు కిరాయి బండి మాట్లాడుకోండి, డబ్బు తక్కువైతే నేను సర్దుతాను.

ఇంజన్ దించడానికి ముందు రోజు ఫోన్ చెయ్యి. బోరు గేజ్, మైక్రోమీటర్ తీసుకుని పొద్దున బస్సుకే వస్తాను. అప్పటిదాకా ఎవరొచ్చి అడిగినా బండి స్టార్ట్ చేయనివ్వకు. కింద నుంచి టకటక శబ్దం వస్తోందన్నావు, అది పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్ బేరింగ్ అయితే రాడ్ తెగి బ్లాకుకు రంధ్రం పెడుతుంది, ఇక బాగు చేయించుకోవడానికి మనకు ఇంజనే మిగలదు.

మీ బాపు